దుర్గాబాయి దేశ్‌ముఖ్, గోదావరి ఆడవాళ్ల ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి 8కి ముందు కొన్ని, దుర్గాబాయి గారి పుట్టినరోజు జూలై 15కి ముందు కొన్ని, ఆగస్టు 15కి ముందు మిగతావి. స్వాతంత్య్ర పోరాటంలో జైలుకెళ్లి, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న ఈ గోదావరి ఆవిడ గురించీ, ఇక్కడి ఆడవాళ్ల ఓటు గురించీ ఏటా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. వక్తృత్వ పోటీకి పేరిచ్చిన పిల్లలు, వాళ్లకు స్పీచ్ రాసిపెట్టే టీచర్లు, డ్వాక్రా సంఘం మీటింగులో నాలుగు మాటలు మాట్లాడాల్సిన అక్కలు అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన దగ్గర మొదలుపెట్టండి.

## ఆమెకు ముందు

గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ల కదలిక దుర్గాబాయి గారితోనే మొదలైందా?

కాదు. ఆమె పుట్టేనాటికే ఇక్కడ ఒక తరం పని జరిగిపోయింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. 1883లో ఆడవాళ్ల కోసమే ‘సతీహితబోధిని’ పత్రిక తెచ్చారు. వీరేశలింగం పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు గానీ, ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1902లో ఏలూరు నుంచి ‘హిందూసుందరి’ వచ్చింది. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ ‘సావిత్రి’ పత్రిక నడిపారు. ఈమె వితంతు వివాహాలను ఒప్పుకోలేదు, వీరేశలింగాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా ఆడవాళ్లు చదవాలనీ, రాయాలనీ, ఒకచోట చేరి మాట్లాడుకోవాలనీ పట్టుబట్టారు. అభిప్రాయాలు పడని మనుషులు కూడా ఒకే పని చేశారు: ఇల్లు దాటి మరో నలుగురు ఆడవాళ్లతో కూర్చోవడం అలవాటు చేశారు. ఓటు అన్న మాట ఊళ్లోకి రాకముందే దానికి కావలసిన అలవాటు ఇలా మొదలైంది.

తెలుగు ఆడవాళ్లకి ఓటు ఏ సంవత్సరంలో వచ్చింది? పుస్తకానికో సంవత్సరం ఉంది.

ఎవరి ఓటు గురించి అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. గోదావరి జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం ఆడవాళ్ల ఓటు సంగతి రాష్ట్రాల శాసన మండళ్లకే వదిలేసింది. మద్రాసు మండలి 1921లో ఆడవాళ్లన్న కారణంతో ఓటు నిరాకరించడాన్ని తీసేసింది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాల్లో ఈ పని ముందుగా చేసింది మద్రాసే. అయితే ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు. 1935 చట్టంతో అర్హతలు కొంచెం సడలాయి, చదువొచ్చిన ఆడవాళ్లు, ఆస్తిపరుల భార్యలు కూడా జాబితాలోకి వచ్చారు. అప్పటికీ దేశం మొత్తంలో ఆడ ఓటర్లు సుమారు 60 లక్షలే. ఆస్తి, చదువు, కులం ఏవీ అడగకుండా అందరికీ ఓటు వచ్చింది 1950లో, రాజ్యాంగంలోని 326వ అధికరణంతో. దాన్ని మొదటిసారి వేసింది 1951–52 ఎన్నికల్లో. పరీక్షలో ఒక్క సంవత్సరమే రాయమంటే ప్రశ్నలో ‘సార్వత్రిక’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఉంటే 1950, లేకపోతే 1921.

1921లో మా డెల్టా పల్లెల్లో ఓటు ఎవరికి దక్కి ఉంటుంది?

చాలా కొద్దిమందికి. పల్లెల్లో ఓటుకు శిస్తు కట్టే భూమి సొంత పేరు మీద ఉండాలి, పట్టణంలో అయితే పన్ను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పల్లపు భూముల విలువ బాగా పెరిగింది గానీ పట్టాలు మగవాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. పసుపుకుంకుమ కింద ఆడపిల్లకిచ్చిన పొలాన్ని సైతం చాలా ఇళ్లలో అల్లుడే చూసుకునేవాడు. ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన ఆవిడకు దక్కేది మనోవర్తి, అంటే తిండికీ బట్టకీ ఇంత అని. దాని మీద ఓటు రాదు. మగదిక్కు లేక పొలం తన పేర మారిన వితంతువు, జమీందారీ ఇంటి స్త్రీ, సొంతంగా ఇల్లుండి పన్ను కట్టే పట్నపు స్త్రీ, ఇలాంటివాళ్లకే ఆ ఓటు అందుబాటులో ఉంది. కూలికెళ్లే ఆడమనిషికి లేదు. నిజానికి ఆమె భర్తకు కూడా లేదు. ఈ సంగతి స్పీచుల్లో ఎవరూ చెప్పరు.

ఓటు అడిగింది మద్రాసు వాళ్లే కదా?

అర్జీలు పెట్టిన కేంద్రం మద్రాసే. 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. మార్గరెట్ కజిన్స్, అనీబిసెంట్, డొరొతీ జినరాజదాస దాని వెనక ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు ముందుండగా కొందరు ఆడవాళ్లు, భారత వ్యవహారాల మంత్రి మాంటేగును మద్రాసులో కలిసి ఓటు అడిగారు. ఓటు ఎవరికివ్వాలో తేల్చడానికి తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, మన సమాజం దీనికింకా సిద్ధంగా లేదని ఆ కోరికను పక్కన పెట్టింది. గోదావరి ఒడ్డున పని వేరే రకంగా సాగింది. ఇక్కడ అర్జీలకన్నా బడులు, పత్రికలు, సమాజాలు, ఖాదీ అమ్మకాలు, సభలకు వాలంటీర్లు ఎక్కువ కనిపిస్తాయి. నా లెక్కలో అది కూడా ఓటు పనే. చట్టం ఒక్కరోజులో మారొచ్చు, కానీ సభలో ముందు వరసలో కూర్చునే ధైర్యానికి ఏళ్లు పడుతుంది.

## పుట్టుక నుంచి కాకినాడ కాంగ్రెసు దాకా

ఆమెది రాజమండ్రా, కాకినాడా? మా స్కూల్లో రెండూ చెబుతున్నారు.

రెండూ సరైనవే. పుట్టింది రాజమండ్రిలో, 1909 జూలై 15న. చిన్నతనం, తొలి సభలు, కాంగ్రెసు వాలంటీరు పని అన్నీ కాకినాడతో ముడిపడినవి. ఇంటిపేరు గుమ్మిడితల, తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ‘దేశ్‌ముఖ్’ 1953 తర్వాత చేరిన పేరు. కాబట్టి 1923 నాటి సంగతి చెబుతూ ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ నెహ్రూని ఆపింది’ అంటే వినడానికి కొంచెం విడ్డూరంగా ఉంటుంది.

ఎనిమిదేళ్లకే పెళ్లయిందట. మరి ఆ భర్త ఏమయ్యారు?

ఎనిమిదో ఏట బంధువుల్లోనే సుబ్బారావు అనే అతనికిచ్చి పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని దుర్గాబాయి చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. 1920ల నాటి కోస్తాలో, పైగా బ్రాహ్మణ కుటుంబంలో ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ‘తిరగబడ్డ అమ్మాయి’ అని ఆమెను మెచ్చుకునేటప్పుడు, కూతురి మాట విని ఊరికి జవాబు చెప్పుకున్న ఆ తండ్రిని కూడా ఒక వాక్యంలోనైనా తలచుకోవాలి.

బడి ఎందుకు మానేశారు?

పన్నెండేళ్ల వయసులో, ఇంగ్లీషులోనే చదువు చెప్పడాన్ని నిరసిస్తూ మానేశారు. మానేసి ఊరుకోలేదు. తాను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు.

గాంధీ గారు కాకినాడ వచ్చినప్పుడు ఏం చేశారు?

గాంధీ 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశం తర్వాత గోదావరి జిల్లాలు తిరుగుతూ కాకినాడ వచ్చారు. ఆ రోజుల గురించి దుర్గాబాయి పెద్దయ్యాక చెప్పుకున్న సంగతి ఇది. ఊళ్లో దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీని చూడలేకపోతున్నారని ఆమెకనిపించింది. వాళ్ల కోసం విడిగా ఒక సభ కావాలని స్థానిక నాయకులను అడిగారు. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే చూద్దామన్నారు నాయకులు. పిల్ల కదా, ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. కొద్ది నిమిషాలుంటారనుకున్న గాంధీ చాలాసేపు ఉండిపోయారు, ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసిచ్చారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది దుర్గాబాయే.

స్పీచులో చెప్పేవాళ్లకు ఒక సలహా. ఈ కథలో గాంధీ మెచ్చుకోలు దగ్గరే ఆగిపోకండి. ఎవరిని పిలవాలి, డబ్బెలా, స్థలమెక్కడ, ఎవరిని ఒప్పించాలి అన్న లెక్కలన్నీ ఒక చిన్నపిల్ల వేసింది. ఆ తర్వాత అరవయ్యేళ్లూ ఆమె చేసింది ఇదే పని, సంస్థల పేర్లు మారాయంతే. పైగా ఆమె ఎంచుకున్నది పెద్దింటి ఆడవాళ్లను కాదు, సభకు ఎవరూ పిలవనివాళ్లను.

నెహ్రూని టికెట్ లేదని గేటు దగ్గర ఆపేసిన కథ నిజమేనా?

నిజమే. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. దుర్గాబాయికి పద్నాలుగేళ్లు. మహాసభలతో పాటు పెట్టిన ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర ఆమెకు డ్యూటీ వేశారు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దన్నది ఆమెకిచ్చిన ఆజ్ఞ. నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు, ఆమె ఆపారు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి కోప్పడితే, మీరు చెప్పిందే చేశానన్నారు. వాళ్లు టికెట్ తెచ్చాకే వదిలారు. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. ఆపింది ప్రదర్శన దగ్గర, మహాసభ పందిరి దగ్గర కాదు. నాటికలు వేసేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు.

దువ్వూరి సుబ్బమ్మ గారు, దుర్గాబాయి గారు ఒకరేనా?

వేర్వేరు మనుషులు, వేర్వేరు తరాలు. దువ్వూరి సుబ్బమ్మ 1880లో ద్రాక్షారామంలో పుట్టారు. చిన్నతనంలోనే భర్త పోయారు. పురాణాలు, పద్యాలు నోటికొచ్చు. సభలో నిలబడి మాట్లాడితే జనం కదిలేవారు కాదు. సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకెళ్లారు, జైలుకెళ్లిన తొలి తెలుగు స్త్రీగా ఆమెనే చెబుతారు. ‘దేశబాంధవి’ అన్నది ఆమె బిరుదు. రాజమండ్రిలో ఆడవాళ్ల కోసం మహిళా సనాతన విద్యాలయం పెట్టారు. 1964లో కన్నుమూశారు. పేరులో సనాతనం ఉంది, పనిలో జైలు ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కలిశాయన్నది ఒక మంచి ప్రాజెక్టు అవుతుంది. దుర్గాబాయి మీద పాతిక స్పీచులు వస్తే సుబ్బమ్మ గారి మీద ఒక్కటి రావడం కూడా కష్టం, అది అన్యాయం.

## జైలు, చదువు, మద్రాసు

ఉప్పు సత్యాగ్రహం కాకినాడ తీరంలో చేశారా?

దుర్గాబాయి చేసింది మద్రాసులో, 1930లో. టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు లాంటి నాయకులతో కలిసి పనిచేశారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. వేలూరు జైలు, మదురై జైలు చూశారు. మదురైలో ఏకాంత ఖైదు అనుభవించారు. గోదావరి తీరంలోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగింది, కానీ అప్పటికి ఆమె మకాం మద్రాసుకు మారిపోయింది.

బడి మానేసిన మనిషి లాయరెలా అయ్యారు?

జైలే కారణమని ఆమె చెప్పేవారు. తోటి ఖైదీ స్త్రీలలో చాలామందికి తమ మీద ఏ కేసు పెట్టారో, కోర్టులో తామేం ఒప్పుకున్నారో కూడా తెలియదు. వీళ్ల తరఫున మాట్లాడాలంటే చట్టం చదవాలనుకున్నారు. బయటికొచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, చదవాలనుకునే మరికొందరు అమ్మాయిలను పోగుచేసి వసతి తామే ఏర్పాటు చేసుకున్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని ప్రాక్టీసు పెట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి, పన్నెండో ఏట బడి బంద్, ముప్పై దాటాక లా డిగ్రీ. మధ్యలో ఆగిపోయిన చదువు గురించి టెన్షన్ పడుతున్న అక్కలెవరైనా ఉంటే ఈ వరస చెప్పండి.

ఆంధ్ర మహిళా సభ రాజకీయ సంఘమా?

కాదు. 1937లో మద్రాసులో మొదలైన సంస్థ. మొదట పని చాలా మామూలుగా ఉండేది: మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలకు మెట్రిక్ పరీక్షకు కోచింగ్, చేతిపనుల శిక్షణ. భర్త వదిలేసినవాళ్లు, వితంతువులు, పెళ్లితో బడి మానేసినవాళ్లు వచ్చేవారు. తర్వాత ఆస్పత్రి, నర్సింగ్ శిక్షణ, కాలేజీలు, హైదరాబాదులో శాఖలు వచ్చాయి. ఓటు ప్రచారం దాని పని కాదు. అయితే 1935 చట్టం చదువొచ్చిన ఆడవాళ్లకు ఓటర్ల జాబితాలో దారి తెరిచిందని గుర్తు పెట్టుకుంటే, అక్షరం నేర్పడం ఎంత రాజకీయమో తెలుస్తుంది.

## రాజ్యాంగ సభ, ఎన్నికలు

ఆమెను ‘ఓటు హక్కు ఉద్యమకారిణి’ అని పిలవచ్చా?

జాగ్రత్తగా పిలవాలి. మద్రాసులో ఆడవాళ్ల ఓటు మీద నిర్ణయం జరిగినప్పుడు ఆమెకు ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. ఆ పోరాటం నడిపింది వేరేవాళ్లు. ఆమె వాటా రెండు చోట్ల ఉంది. ఒకటి, ఓటు కాగితం మీద ఉన్నా బయటికి రాలేని ఆడవాళ్లను ఒకచోట చేర్చే పని. రెండోది, ఏ అర్హతా అడగకుండా అందరికీ ఓటు రాసిన రాజ్యాంగ సభలో సభ్యత్వం. ‘మహిళా హక్కుల నిర్మాత’, ‘సంఘ నిర్వాహకురాలు’ అంటే ఎవరూ తప్పుపట్టలేరు.

రాజ్యాంగ సభకు ఆమెను జనం ఓటేసి పంపారా?

లేదు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులను రాష్ట్రాల శాసనసభ్యులే ఎన్నుకున్నారు. దుర్గాబాయి మద్రాసు నుంచి వెళ్లారు. సభలో మహిళలు 15 మందే. మద్రాసు నుంచి వెళ్లినవాళ్లలో అమ్ము స్వామినాథన్, దాక్షాయణి వేలాయుధన్ కూడా ఉన్నారు. సభాధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ దుర్గాబాయి. రాజ్యసభకు పోటీ చేసే వయసు 35 నుంచి 30కి తగ్గించాలన్న సవరణ ఆమె తెచ్చిందే. ఇప్పటికీ ఆ 30 ఏళ్ల నియమమే నడుస్తోంది. ఆడవాళ్ల ఆస్తి హక్కు కోసం, జాతీయ భాషగా హిందుస్థానీ కోసం కూడా వాదించారు. రెండోది నెగ్గలేదు.

మహిళా రిజర్వేషన్ అప్పుడే ఎందుకు పెట్టలేదు?

మహిళలే వద్దన్నారు. 1935 చట్టం ఆడవాళ్లకు కొన్ని సీట్లు కేటాయించింది. మద్రాసు శాసనసభలో అలాంటివి 8. ప్రత్యేక సీట్లు మమ్మల్ని తక్కువ చేస్తాయని ఆనాటి మహిళా నాయకుల్లో చాలామంది భావించారు. రాజ్యాంగ సభలో సభ్యురాలు రేణుకా రే ఈ మాట గట్టిగా వినిపించారు. ఓటు సమానంగా ఉంటే సీట్లు వాటంతటవే వస్తాయని నమ్మారు. రాలేదు. 2023లో మూడో వంతు సీట్ల సవరణ చేయాల్సి వచ్చింది.

మొదటి ఎన్నికల్లో ఆడవాళ్ల పేర్లు తీసేశారంటారు, మన దగ్గర కూడానా?

1951–52 ఎన్నికల జాబితా రాసేటప్పుడు లక్షలమంది స్త్రీలు సొంత పేరు చెప్పలేదు. ‘ఫలానా వాడి భార్య’, ‘ఫలానా వాడి తల్లి’ అన్నారు. అలా కుదరదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తేల్చడంతో సుమారు 28 లక్షల పేర్లు పోయాయి. వాటిలో ఎక్కువ బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపువి. మొగుడి పేరు చెప్పకూడదనే పట్టింపు మన దగ్గరా ఉండేది. తన పేరు చెప్పడానికి మాత్రం ఇక్కడి ఆడవాళ్లు అంతగా వెనకాడలేదు. సతీహితబోధిని నాటి నుంచి జరిగిన పనికి ఇందులో కొంత వాటా ఉందని నా నమ్మకం.

1952లో ఆమె ఓడిపోయారా?

అవును, పార్లమెంటు ఎన్నికల్లో ఓడిపోయారు. దేశంలో ప్రతి స్త్రీకీ ఓటు రాసిన సభలో కూర్చున్న మనిషిని ఆ ఓటే ఓడించింది. దీన్ని దాచాల్సిన అవసరం లేదు. చాలా స్పీచుల్లో మాత్రం 1950 నుంచి 1953కి ఒక్క గెంతు గెంతేస్తారు.

## తర్వాతి జీవితం

దేశ్‌ముఖ్ ఎవరు?

చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి. 1953 జనవరిలో పెళ్లి చేసుకున్నారు, సాక్షుల్లో నెహ్రూ ఒకరు. అవును, కాకినాడలో టికెట్ అడిగించుకున్న ఆయనే.

అంగన్‌వాడీలకీ ఆమెకీ సంబంధం ఉందా?

నేరుగా లేదు. అంగన్‌వాడీలు 1975లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకంతో వచ్చాయి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు దుర్గాబాయి మొదటి అధ్యక్షురాలు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఉంటూ దాన్ని నిలబెట్టారు. పల్లెల్లో స్త్రీలకు, పిల్లలకు పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు డబ్బు, శిక్షణ ఇచ్చే పద్ధతి ఆ బోర్డుతో బలపడింది. కుటుంబ న్యాయస్థానాలు కావాలన్న మాట కూడా ఆమె 1950ల నుంచే అన్నారు. ఆ చట్టం 1984లో వచ్చింది, అప్పటికి ఆమె లేరు. 1981 మే 9న పోయారు. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ఆమె పేరుతో ఒక స్టేషన్ ఉంది.

స్పీచులో ‘తొలి మహిళ’ అని ఎక్కడెక్కడ వాడొచ్చు?

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు అనండి. జాతీయ మహిళా విద్యా మండలికి తొలి అధ్యక్షురాలు అనండి. తొలి మహిళా లాయరు అనొద్దు, ఆమెకన్నా ముందు ఉన్నారు. జైలుకెళ్లిన తొలి తెలుగు మహిళ అనొద్దు, ఆ పేరు దువ్వూరి సుబ్బమ్మ గారిది. మద్రాసు శాసన మండలిలో తొలి మహిళ అని కూడా కొందరు రాస్తున్నారు. ఆవిడ డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి, 1920ల నాటి సంగతి. ‘తొలి’ అనడానికి లేని చోట్ల ఆమె ఏం చేశారో చెప్పండి. అయిదు నిమిషాల స్పీచుకు కాకినాడలో ఆమె పెట్టించిన గాంధీ సభ ఒక్కటే సరిపోతుంది.